షికాగో చలిలో అర్ధరాత్రి బస్సూ రైలూ పట్టుకుని ఇల్లు చేరడం ఎలా

ఒంగోలు నుంచి వచ్చినవాడికి చలి గురించి ఏం తెలుస్తుంది? భోగి మంట ముందు మొహం కాలుతుంటే వీపు చల్లగా ఉండేది చూడండి, నాకు తెలిసిన చలి అదే. ఒకసారి లంబసింగి వెళ్లి, టీ కొట్టు దగ్గర వణుకుతూ ఫొటోలు దిగి, ఇంతకు మించిన చలి ఉండదనుకున్నాను. బాగా చలి పడితే లంబసింగిలో సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. షికాగోలో జనవరి నెలలో అదే సున్నా వచ్చిన రోజు జనం జాకెట్ జిప్పు తీసుకుని తిరుగుతారు.

వచ్చిన మొదటి జనవరిలో ఒక రాత్రి లైబ్రరీ నుంచి బయటపడి ఫోన్లో మ్యాప్ చూశాను. అన్నిటికంటే త్వరగా చేర్చే దారి 48 నిమిషాలంది, రెండు చోట్ల మారాలంది. సరే అని బయల్దేరాను. రెండోసారి మారిన చోట, ఎత్తు మీదున్న ప్లాట్‌ఫామ్ పైన 22 నిమిషాలు నిలబడ్డాను. ఒంటి మీద జీన్సు, కాళ్లకు స్పోర్ట్స్ షూ. అప్పటిదాకా 18 శాతం చూపించిన ఫోను ఉన్నట్టుండి ఆరిపోయింది. ఇంటికొచ్చాక తాళంచెవి పట్టుకోవడానికి వేళ్లు వంగలేదు. తప్పు పూర్తిగా నాదే. మొత్తం ప్రయాణం ఎంతో చూశాను గానీ, అందులో ఆరుబయట గడిపేది ఎంతో లెక్క వేసుకోలేదు.

కారు లేకుండా చదువుకుంటున్నవాళ్లకీ, రాత్రి షిఫ్టులు చేసేవాళ్లకీ నేను మొదట చెప్పేది ఇదే. చలికాలం రాత్రి దారిని దూరంతోనో, మొత్తం సమయంతోనో కొలవకండి. బయటి నిమిషాలతో కొలవండి. గంటన్నర పట్టినా సరే, అందులో బయట ఆరు నిమిషాలే ఉంటే అది మంచి దారి. నలభై నిమిషాల్లో చేర్చినా, అందులో ఇరవై గాలిలో నిలబెట్టేదైతే అది చెడ్డ దారి.

1. పొద్దున బయల్దేరేటప్పుడే రాత్రి సంగతి చూడండి

వాతావరణం యాప్‌లో పైన పెద్ద అక్షరాల్లో కనిపించేది ఇప్పటి ఉష్ణోగ్రత. మీకు కావలసింది మీరు తిరిగొచ్చే గంటది. గంట గంటకీ వివరాలు చూపే చోటికి వెళ్లి, రాత్రి పన్నెండుకో ఒంటిగంటకో విండ్ చిల్ ఎంతుందో చూడండి. కొన్ని యాప్‌లు దాన్నే 'ఫీల్స్ లైక్' అంటాయి.

విండ్ చిల్ ఎందుకు ముఖ్యమో వేడి టీ సాసర్లో పోసి ఊదుకునేవాళ్లకి వివరించనక్కర్లేదు. ఒంటి వేడికి చర్మం చుట్టూ పల్చటి వెచ్చటి గాలి పొర ఒకటి ఏర్పడుతుంది. గాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. ఇక్కడ కొలిచేది ఫారెన్‌హీట్‌లో కాబట్టి నాలుగు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. 32 అంటే మన సున్నా. ఇక్కడి సున్నా అంటే మన మైనస్ 18. ఇక్కడి సున్నాకి గంటకు 15 మైళ్ల గాలి తోడైతే విండ్ చిల్ మైనస్ 19కి దిగుతుంది. ఆ గాలిలో కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టడం మొదలవుతుంది. మైనస్ 35 దగ్గర ఆ అరగంట కాస్తా పది నిమిషాలవుతుంది.

ఇలాంటివి ఎక్కడో ధ్రువాల దగ్గరే అనుకోకండి. 2019 జనవరి 30న ఇక్కడి ఓహేర్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 23 ఫారెన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో మైనస్ 31కి పడిపోయింది. విండ్ చిల్ ఫారెన్‌హీట్‌లో మైనస్ 50 దాటింది. ఉత్తరాల బట్వాడా కూడా ఆపేశారు. ఊరి రికార్డు ఇంకా కింద ఉంది: 1985 జనవరి 20న మైనస్ 27 ఫారెన్‌హీట్.

నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. తిరిగొచ్చే వేళకి విండ్ చిల్ మైనస్ 20 కంటే కిందికి పోతుందంటే, బయటి నిమిషాలు మొత్తం కలిపి పదిహేను దాటని దారి ముందే చూసిపెట్టుకుంటాను. అలాంటి దారి లేకపోతే తొమ్మిదింటికల్లా పని ముగించేస్తాను, లేదా క్యాబ్‌కి డబ్బులు పక్కన పెట్టుకుంటాను. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకునే జబ్బు మనందరికీ ఉన్నదే. ఆ ఒక్క రాత్రి మటుకు మార్చకండి.

2. ఒంటి మీద, సంచిలో

బట్టల గురించి అందరూ చెప్తారు కాబట్టి, అందరూ మర్చిపోయేవే చెప్తాను.

జీన్సు కింద థర్మల్ లేకపోతే కోటు ఎంత ఖరీదైనదైనా ఉపయోగం లేదు, తొడలు ముందు మొద్దుబారతాయి. రెండు జతల సాక్సు వేసుకుంటే రెట్టింపు వెచ్చన అనుకుంటాం. బూటు బిగుసుకుపోయి రక్తం సరిగ్గా ఆడదు, వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. ఒకే జత, ఉన్నిది, బూటులో కాలివేళ్లు కదిలేంత ఖాళీ ఉండాలి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు నయం. ఇక మంకీ క్యాప్. ఇండియా నుంచి వస్తూ అమ్మ సూట్‌కేసులో కుక్కితే సిగ్గుపడి కిందే వదిలేసి వచ్చాను. ఇక్కడ అలాంటిదే బలక్లావా అన్న పేరుతో పాతిక డాలర్లకి కొన్నాను.

సంచిలో ఎప్పుడూ ఉండాల్సినవి: పవర్ బ్యాంకు, విడి సాక్సు ఒక జత, హ్యాండ్ వార్మర్ పొట్లాలు రెండు, తినడానికి వేరుశనగ చిక్కీ లాంటిది ఏదైనా. హ్యాండ్ వార్మర్లో ఉండేది ఇనుప పొడి. కవరు చించితే గాలి తగిలి తుప్పు పట్టడం మొదలై వేడి పుడుతుంది. అది రాజుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి వేళ్లు మొద్దుబారాక కాదు, బిల్డింగ్ లోపల ఉండగానే చించండి. నేరుగా చర్మానికి ఆనించకండి.

ఫోను కోటు బయటి జేబులో పెట్టొద్దు. చలికి బ్యాటరీ శక్తి పడిపోతుంది. 18 శాతం చూపిస్తూనే ఆరిపోయేది అందుకే. లోపలి చొక్కా జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచండి. ఇక్కడి బస్సులకీ రైళ్లకీ వాడే వెంట్రా టికెట్ ఫోన్లోనే ఉందని ధైర్యపడకండి, ప్లాస్టిక్ కార్డు ఒకటి పర్సులో పెట్టుకోండి. ఫోను ఆరిపోయిన రాత్రి గేటు తెరిచేది అదే. ఫుల్‌టైమ్ విద్యార్థులకి చాలా కాలేజీలు యూ-పాస్ అనే బస్సు, రైలు పాసు కార్డు ఇస్తాయి, అది చేతిలో ఉంటే ఈ చింతే లేదు.

3. దారి ఎంచుకోవడం

రాత్రంతా నడిచే రైలు లైన్లు రెండే: రెడ్, బ్లూ. మిగతా లైన్లు అర్ధరాత్రి దాటాక కాసేపటికి ఆగిపోతాయి, పొద్దున్నే మళ్లీ మొదలవుతాయి. మీ ఇల్లు బ్రౌన్ లైన్ పక్కనో గ్రీన్ లైన్ పక్కనో ఉంటే ఆఖరి రైలు ఎన్నింటికో ఈ రోజే చూసి రాసిపెట్టుకోండి. పనిరోజులకి ఒక సమయం, ఆదివారానికి ఇంకోటి ఉండొచ్చు. నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు ఉండే మనవాళ్లు శివారు ఊళ్లకి నడిచే మెట్రా రైలు మీద ఆధారపడతారు. అక్కడ ఆఖరి రైలు తప్పిందంటే తెల్లారేదాకా ఇంకోటి ఉండదు. దాన్ని అందుకునేలా కాకుండా, దానికి ముందు రైలు అందుకునేలా బయల్దేరండి.

బస్సుల్లో కొన్ని రాత్రంతా తిరుగుతాయి. నంబరు ముందు ఎన్ అక్షరం ఉంటుంది, స్టాపు బోర్డు మీద గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. మన ఊళ్లో గుడ్లగూబ కూస్తే ఇంటికి అపశకునమంటారు. ఇక్కడ అది కనిపించిన రాత్రే ఇల్లు చేరతాం. క్లార్క్ వీధి మీద ఎన్22, ఆష్లాండ్ మీద ఎన్9, వెస్టర్న్ మీద ఎన్49, ఇలా పెద్ద వీధుల మీద చాలా వరకు ఒకటి ఉంటుంది. అరగంటకొకటి అనుకుని లెక్క వేసుకోండి.

ఇప్పుడు బయటి నిమిషాల లెక్క ఒకటి చేద్దాం. రాత్రి ఒంటిగంట, మీరు డౌన్‌టౌన్‌లో ఉన్నారు, ఇల్లు ఉత్తరాన క్లార్క్, డెవాన్ వీధులు కలిసే మూల దగ్గర. రెడ్ లైన్ ఎక్కితే అరగంటకి కాస్త అటూ ఇటూగా లొయోలా స్టేషన్లో దిగుతారు. డౌన్‌టౌన్‌లో రెడ్ లైన్ భూమి లోపలే కాబట్టి ఎదురుచూసేటప్పుడు గాలి కొట్టదు. కానీ లొయోలాలో దిగాక పన్నెండు, పదమూడు నిమిషాలు నడక, అదీ మిషిగన్ సరస్సుకి దగ్గర్లో. ఎన్22 బస్సు అయితే పావుగంట ఎక్కువే పడుతుంది, కానీ ఇంటి మూల మీదే దింపుతుంది. మ్యాప్ రైలే మేలంటుంది. నేనైతే బస్సెక్కుతాను. ఒక్క షరతు: బస్సు రెండు నిమిషాల దూరంలోకి వచ్చేదాకా నిలబడడానికి నాకొక లాబీ ఉండాలి. అది లేక స్టాపులో పాతిక నిమిషాలు నిలబడాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది, అప్పుడు రైలే.

స్టేషన్లన్నీ ఒకటి కావు. నా లెక్కలో మూడు రకాలు. భూమి లోపలివి మంచివి: జాక్సన్, లేక్, వాషింగ్టన్, షికాగో అవెన్యూ వగైరా. పైకెత్తి కట్టినవి ఫర్వాలేదు, చాలావాటికి కింద మెట్ల దగ్గర గది ఉంటుంది. అన్నిటికంటే కష్టం ఎక్స్‌ప్రెస్‌వే మధ్యలో ఉన్నవి. ఇక్కడి ఐఐటీలో, అంటే ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివే మనవాళ్లకి బాగా తెలిసిన సాక్స్-35 రెడ్ లైన్ స్టేషను అలాంటిదే. రెండు పక్కలా లారీలు, గాలికి అడ్డు వచ్చేదే లేదు. ఓహేర్ వైపు వెళ్లే బ్లూ లైన్లో ఆడిసన్, ఇర్వింగ్ పార్క్, మాంట్రోస్ కూడా అంతే. ఐఐటీలోనే రెండు వీధుల అవతల గ్రీన్ లైన్ స్టేషనుంది. గ్రీన్ లైన్ నడిచే వేళయితే రెండిట్లో ఏది ముందొస్తుందో చూసుకుని లైబ్రరీ లోపలి నుంచే తేల్చుకోండి.

మారాల్సి వస్తే భూమి లోపలే మారండి. రెడ్ నుంచి బ్లూకి జాక్సన్ దగ్గర సొరంగం ఉంది, పైకి రానక్కర్లేదు. డౌన్‌టౌన్ కింద ఉండే పెడ్‌వే నడక దారిని నమ్ముకోకండి, రాత్రయితే చాలా తలుపులు మూసేస్తారు.

4. ఎదురుచూడడం

బస్సు, రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో ఫోన్లో చూపే ట్రాకర్‌ని బిల్డింగ్ లోపలి నుంచే చూడండి. ఒక్క జాగ్రత్త. ట్రాకర్ చూపే నిమిషాల్లో కొన్ని నిజంగా దారిలో ఉన్న బండివి, కొన్ని టైమ్‌టేబుల్లో రాసున్నవి మాత్రమే. మ్యాప్ మీద బండి బొమ్మ కదులుతూ కనిపిస్తేనే కోటు తొడగండి. ఇంటర్నెట్ లేకపోయినా దారుంది. ప్రతి బస్ స్టాపు బోర్డు మీద ఆ స్టాపు నంబరు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో 'సీటీఏబస్' (ctabus) అని కలిపి రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 41411కి మెసేజ్ పంపితే ఎన్ని నిమిషాల్లో బస్సు వస్తుందో జవాబు వస్తుంది. రోజూ వాడే రెండు స్టాపుల నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ప్లాట్‌ఫామ్ మీద వేడి దీపాలుంటాయి. నవంబరు నుంచి మార్చి దాకా పనిచేస్తాయి. చాలామంది కొత్తవాళ్లు వాటి కింద నిలబడి, ఇవి పాడైపోయాయని తిట్టుకుంటారు. స్తంభానికో గోడకో ఒక బటన్ ఉంటుంది, అది నొక్కాలి. కొన్ని నిమిషాలు వెలిగి ఆరిపోతుంది, మళ్లీ నొక్కాలి. దీపం ఎక్కడుందో తెలియకపోతే పావురాల గుంపు ఎక్కడుందో చూడండి, వాటికి మనకంటే ముందే తెలుసు. టోపీ తీసేసి దీపానికి తల దగ్గరగా పెట్టకండి. రైలు వస్తే ఎక్కేది వెచ్చటి పెట్టెలోకే కదా.

నిలబడ్డప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండండి. గోడకి ఆనుకోకండి, ఇనుప బెంచీ మీద కూర్చోకండి. మిట్టెన్ తీసి ఫోన్లో స్క్రోల్ చేస్తే చెయ్యి చల్లబడడమే కాదు, మొద్దుబారిన వేళ్లలోంచి ఫోను జారుతుంది. పట్టాల మీద పడితే ఎంత ఖరీదైన ఫోనైనా కిందికి దిగొద్దు. అక్కడ మూడో పట్టాలో 600 వోల్టుల కరెంటు ఉంటుంది. స్టేషన్ ఉద్యోగికి చెప్పండి, వాళ్లు తీసిస్తారు.

మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నది అబద్ధం. చర్మం దగ్గరికి రక్తం పరుగెత్తి వెచ్చగా అనిపిస్తుంది, ఆ వేడంతా గాలిలో కలుస్తుంది. పార్టీ నుంచి వస్తున్నవాళ్లయితే మొత్తం గుంపుగా ఒకే క్యాబ్‌లో వెళ్లండి.

5. ఎక్కాక

రైల్లో మొదటి పెట్టె ఎక్కండి, డ్రైవరు ఉండేది అందులోనే. ప్రతి పెట్టెలోనూ తలుపు దగ్గర డ్రైవరుతో మాట్లాడే బటన్ ఉంటుంది, అది ఎక్కడుందో ఎక్కగానే ఒకసారి చూసుకోండి. ఏదైనా ఇబ్బందిగా అనిపిస్తే తర్వాతి స్టేషన్లో దిగి పక్క పెట్టెలోకి మారండి, రైలు కదులుతుండగా పెట్టె నుంచి పెట్టెకి దాటకండి. రాత్రంతా నడిచే రైళ్లు కాబట్టి ఇల్లు లేనివాళ్లు చలికాలం వీటిలోనే తలదాచుకుంటారు. కొత్తలో నాకు భయం వేసేది. వాళ్లు కూడా నాలాగే గాలి తగలని చోటు వెతుక్కున్నవాళ్లని అర్థమవడానికి ఒక చలికాలం పట్టింది.

లోపలికి రాగానే జిప్పు తీయండి, టోపీ తీయండి. అది మర్చిపోతే చెమట పడుతుంది. తడిసిన బనియనుతో మళ్లీ చలిలోకి దిగడమంత ప్రమాదం ఇంకోటి లేదు. మీ స్టాపుకి రెండు స్టాపుల ముందే అన్నీ మళ్లీ బిగించండి. వెచ్చదనానికి నిద్ర ముంచుకొస్తుంది, వైబ్రేషన్ అలారం పెట్టుకోండి.

ఎక్కడున్నారో రూమ్మేట్‌కి లైవ్ లొకేషన్ పంపండి. అమ్మకి వద్దు. మనకి రాత్రి ఒంటిగంటన్నర అయినప్పుడు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, అన్నం తింటూ ఉంటుంది. ఆ చుక్క మ్యాప్ మీద ఐదు నిమిషాలు కదలకపోతే ఆ ముద్ద గొంతు దిగదు.

6. ఆఖరి నడక

దిగాక ఇంటిదాకా ఉండే ఆ కొద్ది దూరంలోనే చాలామంది పడతారు. కరిగి మళ్లీ గడ్డకట్టిన నీరు తారు రోడ్డు మీద కనిపించదు, తడిగా ఉన్నట్టే ఉంటుంది. దమ్ము చేసిన పొలం గట్టు మీద ఎలా నడుస్తామో అలా నడవండి. చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనిస్తూ, ఒళ్లు కాస్త ముందుకి వంచి. చేతులు జేబుల్లో వద్దు. ఉప్పు చల్లిన దారి దూరమైనా అదే మేలు. పెద్ద బిల్డింగుల పక్కన 'మంచు పడుతుంది జాగ్రత్త' అన్న బోర్డు కనిపిస్తే అవతలి పక్కకి మారండి. అక్కడ పడేది దూదిలాంటి మంచు కాదు, పైనుంచి ఊడిపడే గడ్డలు.

తాళంచెవి లోపలి జేబులో, తీయడానికి వీలుగా ఉండాలి. తలుపు ముందు సంచి మొత్తం వెతుక్కునే రెండు నిమిషాలు కూడా బయటి నిమిషాలే.

7. బండి రాకపోతే

పది నిమిషాలు దాటినా జాడ లేదంటే అక్కడే నిలబడి ఇంకో పది చూద్దామనుకోకండి. దగ్గర్లో తెరిచి ఉన్న ఏ తలుపు కనిపించినా లోపలికి వెళ్లండి: ఆసుపత్రి లాబీ, పెట్రోలు బంకులో కొట్టు, పోలీస్ స్టేషన్. మొహమాటం వద్దు, ఇక్కడివాళ్లకి ఈ చలి సంగతి తెలుసు. లోపల నిలబడి క్యాబ్ పిలవండి. చాలా యూనివర్సిటీలు క్యాంపస్ చుట్టుపక్కల రాత్రి పూట ఇంటి దగ్గర దింపే వ్యాన్ నడుపుతాయి, ఆ నంబరు ముందే ఫోన్లో వేసుకోండి. వెచ్చగా కూర్చునే కేంద్రాలు ఎక్కడున్నాయో 311కి ఫోను చేస్తే చెప్తారు.

పక్కనున్నవాళ్లు మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా, అప్పటిదాకా వణికినవాళ్లు వణకడం ఆపేసి మగతగా ఉన్నా, అది అలసట కాదు. ఒంటి లోపలి వేడి పడిపోతోంది. లోపలికి తీసుకెళ్లి వెంటనే 911కి ఫోను చేయండి.

8. ఇంటికొచ్చాక

ముందు చెవులు, ముక్కు, కాలి వేళ్లు చూసుకోండి. మన రంగు చర్మం మీద గడ్డకట్టిన చోటు ఎర్రగా కనిపించదు, బూడిద పూసినట్టు పాలిపోయి, మైనంలా గట్టిగా, స్పర్శ లేకుండా ఉంటుంది. మన ఇళ్లలో అలవాటు ఏమిటంటే అరిచేతులతో గట్టిగా రుద్దడం, అమృతాంజనం రాయడం. ఆ రెండూ చేయకండి, రుద్దితే లోపల కండ దెబ్బతింటుంది. హీటర్ ముందు కాళ్లు చాపుకుని కూర్చోకండి, స్పర్శ లేని కాలికి కాలుతున్నట్టు తెలియదు. గోరువెచ్చటి నీళ్లలో ముంచండి. ఆ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చలి తగలని మోచేత్తో చూడండి. అరగంటైనా స్పర్శ రాకపోతే, పొక్కులు లేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఏమీ కాకపోతే రసం అన్నం వేడి చేసుకుని తినండి. పడుకునే ముందు ఒక్క పని: బూట్లలోని మెత్తటి అట్ట బయటికి తీసి, లోపల పాత కాగితాలు ఉండలు చుట్టి కూరండి. మిట్టెన్లు కుర్చీ వీపు మీద ఆరేయండి. పవర్ బ్యాంకు చార్జింగులో పెట్టండి. రేపు రాత్రి విండ్ చిల్ ఎంతో అప్పుడే చూసేయండి.